ఏకే (ఆసు-రాజు) మేలా, రాణుల జత మేలా? పోకర్ మొదటి రెండు ముక్కల చార్టుకు సలహాలు కావాలి

#1 · చార్మినార్ చిప్స్

ఆదివారం బల్ల దగ్గర గోడకు అతికించడానికి ఒక ఏ4 కాగితం తయారు చేస్తున్నా. ఆట టెక్సాస్ హోల్డెమ్ (ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు: మొదట మూడు కలిపి ఫ్లాప్, తర్వాత ఒకటి టర్న్, చివరిది రివర్), బల్ల చుట్టూ తొమ్మిది మంది, ప్లాస్టిక్ చిప్స్, రూపాయి కూడా లేదు. వచ్చేవాళ్లలో సగం మంది మూడు ముక్కలాట, రమ్మీ ఆడినవాళ్లే. హైదరాబాద్‌లో పేక పట్టనివాళ్లు ఎవరు చెప్పండి. కానీ హోల్డెమ్‌లో ఏ చేతిని ఎంతవరకు నమ్మాలో వీళ్లకు తెలియదు.

నా ముసాయిదా ఇదీ. ఎదురుగా ఒక్కరే ఉన్నారు, వాళ్ల దగ్గర ఏవైనా రెండు ముక్కలు ఉండొచ్చు, ఇద్దరూ రివర్ దాకా వెళ్లారు అనుకుంటే నూటికి గెలుపు:

ఆసుల జత – 85
రాజుల జత – 82
రాణుల జత – 80
జాకీల జత – 77.5
పదుల జత – 75
ఏకే సూటెడ్ (రెండూ ఒకే గుర్తు) – 67
ఏకే ఆఫ్‌సూట్ (గుర్తులు వేరు) – 65
రెండ్ల జత – 50

తప్పులుంటే చెప్పండి. లేకపోతే ఇదే ప్రింట్ తీయిస్తా.

#2 · కళావరు రాణి

అంకెలన్నీ కరెక్టే. చార్టు మాత్రం తప్పు.

"ఏవైనా రెండు ముక్కలు" పట్టుకుని మీ రేజ్ (పందెం పెంచడం) మీద మళ్లీ రేజ్ చేసేవాళ్లు ఎవరుంటారండీ? రాణుల జతకు 80 అని గోడ మీద రాస్తే కొత్తవాళ్లు 80 ఉందిగా అని చిప్సన్నీ తోసేస్తారు. అవతల కాల్ చేసినవాళ్ల (మీ పందేనికి సమంగా వేసినవాళ్ల) చేతిలో ఆసులో, రాజులో, ఏకేనో ఉన్నప్పుడు ఆ 80 కాస్తా 40కి దిగుతుంది. ఎంత అన్నది సగం ప్రశ్నే. ఎవరి మీద అన్నది కూడా పక్కనే రాయాలి.

#3 · లెక్కల మాస్టారు

రాణి గారు అన్నది నిజం. అయితే అక్కడికి వెళ్లే ముందు లెక్కపెట్టడం రావాలి. ఇది ఇంటర్ రెండో సంవత్సరం 2ఏ పుస్తకంలోని సంయోగాలే, కొత్తదేమీ లేదు.

52 ముక్కల నుంచి రెండు తీసే విధాలు 52 × 51 ÷ 2 = 1326. ఏ గుర్తు అన్నది వదిలేసి, రెండూ ఒకే గుర్తా కాదా అన్నది మాత్రమే చూస్తే 169 రకాల చేతులు. ఒక్కో రకం ఎన్ని విధాలుగా వస్తుందన్నదే అసలు సంగతి.

ఏ జతైనా 6 విధాలు (నాలుగు ఆసుల్లో రెండు ఎంచుకోవడం). ఏ సూటెడ్ చేయైనా 4 విధాలు. ఏ ఆఫ్‌సూట్ చేయైనా 12.

కాబట్టి ఆసుల జత 1326లో 6, అంటే 221కి ఒకటి. ఏకే మొత్తం 16 విధాలు, అంటే దాదాపు 83కి ఒకటి. ఏదో ఒక జత రావడం 78 విధాలు, సరిగ్గా 17కి ఒకటి. 6, 4, 12 – ఈ మూడు అంకెలు నోటికి వస్తే మిగతాదంతా కూడికే. చార్టులో మొదటి వరుస ఇదే ఉండాలని నా మాట.

#4 · బాగ్‌లింగంపల్లి బంటీ

మాస్టారూ ఒక డౌట్. 221కి ఒకటి అంటున్నరు గదా, మరి 221 హ్యాండ్లు ఆడితే ఆసులు పక్కా వస్తయా?

#5 · లెక్కల మాస్టారు

రావు బంటీ, పక్కా ఏం కాదు. ఒక్కో హ్యాండ్‌లో రాకపోయే అవకాశం 220/221. దాన్ని 221 సార్లు హెచ్చవేస్తే 0.37 దగ్గర వస్తుంది. అంటే 221 హ్యాండ్లు ఆడినా నూటికి 37 సార్లు ఒక్కసారి కూడా ఆసుల జత కనపడదు. చేత్తో పంచే బల్ల మీద గంటకు పాతిక హ్యాండ్లు పడితే ఎక్కువ. ఆ లెక్కన తొమ్మిది గంటలు కూర్చున్నా ఉట్టి చేతులతో లేవడం మామూలే. ఇప్పటిదాకా రాలేదు కాబట్టి ఇక రావాలి అనేది కూడా లేదు. పేకకు జ్ఞాపకం ఉండదు.

#6 · ఇస్పేటు ఆసు

రాజుల జత గురించి ఒక వరుస కలపండి. రాజులు పట్టుకున్నవాళ్లకు ఎప్పుడూ ఒకటే భయం, అవతల ఆసులున్నాయేమోనని. 221కి ఒకటి కదా, భయం దేనికి అని ఇంకొకరు ధైర్యం చెబుతారు. రెండూ తప్పే.

మీ రెండు రాజులు పక్కన పెడితే 50 ముక్కలు, 1225 విధాలు. వాటిలో ఆసులు 6. ఒక్క ప్రత్యర్థి దగ్గర ఉండటం 0.49 శాతం. తొమ్మిది మంది బల్ల మీద మీకు ఎదురు ఎనిమిది మంది. అంటే దాదాపు 4 శాతం, పాతికకు ఒకసారి. ఇదే పద్ధతిలో మీ కంటే పెద్ద జత ఎవరో ఒకరి దగ్గర ఉండే అవకాశం రాణులకు ఏడున్నర, జాకీలకు 11 పైచిలుకు, పదులకు 15 దగ్గర.

జాకీలంటే అందరికీ చిరాకు ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. పెద్ద జత ఎదురవడం ఒకటే కాదు, ఫ్లాప్‌లో పెద్ద ముక్క పడటం కూడా ఉంది: రాజులు పట్టుకుంటే ఫ్లాప్‌లో ఆసు పడటం 22.5 శాతం. రాణులకు ఆసో రాజో పడటం 41. జాకీలకు 57. పదులకు 69. జాకీలు చేతిలో ఉన్నా సగానికి పైగా ఫ్లాప్‌లు మిమ్మల్ని ఆలోచనలో పడేస్తాయి.

#7 · చార్మినార్ చిప్స్

ఈ ఫ్లాప్ వరుస బాగుంది, పెడుతున్నా.

ఇప్పుడు అసలు గొడవ. పోయిన వారం బల్ల దగ్గర రెండు జట్లు అయ్యాయి. ఏకే గొప్పదని ఒక జట్టు, రాణుల జత గొప్పదని ఇంకో జట్టు. ఎదురెదురు పడితే రాణులే కొంచెం ముందు కదా? మరి ఏకేకి ఇంత పేరెందుకు?

#8 · ఇస్పేటు ఆసు

ఎదురెదురుగా అయితే రాణులు 57, ఏకే ఆఫ్‌సూట్ 43. సూటెడ్ అయితే 54కి 46. ఏకేకి ఫ్లాప్‌లో ఆసో రాజో కనీసం ఒకటి పడటం 32.4 శాతం, రివర్ దాకా చూస్తే 48.7. అంటే సగానికి కొంచెం ఎక్కువ సార్లు ఉట్టి ఆసుతోనే మిగిలిపోతుంది.

పేరెందుకంటే, ఆసుల జత రాజుల జత తప్ప దానికి చిత్తుగా ఓడే సందర్భం లేదు. ఏ చిన్న జత మీదైనా దాదాపు సగం సగం. ఏక్యూ, ఏజే, కేక్యూ (క్యూ అంటే రాణి, జే అంటే జాకీ) లాంటివి ఎదురైతే 74 దాకా దానిదే పైచేయి.

#9 · బాగ్‌లింగంపల్లి బంటీ

అయితే ఏకేతోని ఆల్-ఇన్ (చిప్సన్నీ పెట్టుడు) అంటే అవతల ఆసులు 6 విధాలు, రాజులు 6 విధాలు, రాణులు 6, ఏకే 16. మొత్తం 34ల 12 మాత్రమే డేంజర్. కరెక్టేనా?

#10 · కళావరు రాణి

అక్కడే కాలు జారింది బంటీ. ఆ 34 బల్ల బయట నిలబడి చూసేవాళ్ల లెక్క. నీ చేతిలో ఒక ఆసు, ఒక రాజు ఉన్నాయి కదా, అవి పేకలో లేనట్టే. మిగిలింది మూడు ఆసులు, కాబట్టి ఆసుల జత 3 విధాలే. రాజుల జతా 3. ఏకే 3 × 3 = 9. రాణులు మాత్రం అలాగే 6. మొత్తం 21, అందులో డేంజర్ 6.

ఇప్పుడు తూకం వెయ్యి. ఏకే ఆఫ్‌సూట్‌కి ఆసుల మీద 7, రాజుల మీద 30, రాణుల మీద 43, ఇంకో ఏకే మీద 50:
3×7 + 3×30 + 6×43 + 9×50 = 819. దాన్ని 21తో భాగిస్తే 39.

అదే నీ చేతిలో రాణులుంటే ఆసులు 6, రాజులు 6, మిగిలిన రాణులు 1, ఏకే 16, మొత్తం 29. పెద్ద జతల మీద 18 చొప్పున, ఏకే మీద సగటున 56 చొప్పున వేస్తే 40 దగ్గర తేలుతుంది.

చూశావా, ఆ గట్టి చేతుల గుంపు మీద రెండూ ఒకటే. 39, 40.

#11 · బాగ్‌లింగంపల్లి బంటీ

సమజైంది. 9 గానీ 16 గాదు.

#12 · లెక్కల మాస్టారు

రాణి గారి లెక్కకు పొడిగింపు. అవతలివాళ్లు ఇంకొంచెం వదులుగా ఆడేవాళ్లు, పదుల జత నుంచి పైకి, ఏక్యూ నుంచి పైకి అన్నింటితోనూ వస్తారనుకోండి. అప్పుడు రాణుల జత 55కి ఎక్కుతుంది, ఏకే ఆఫ్‌సూట్ 49 దగ్గర ఆగుతుంది. ఎందుకంటే గుంపులోకి పదులు, జాకీలు వచ్చాయి. రాణులు వాటిని 81 సార్లు కొడతాయి, ఏకేకి మాత్రం అవి కూడా సగం సగం కంటే తక్కువే.

కాబట్టి చార్మినార్ గారి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. అవతలివాళ్ల ఆల్-ఇన్‌కి కాల్ చేయాల్సి వస్తే రాణులు సమానమో మేలో. మీరే ముందు తోస్తున్నారా, అప్పుడు ఏకే దగ్గరికి వస్తుంది. మీ చేతిలోని రెండు ముక్కలు వాళ్లకు ఆసులు, రాజులు ఉండే విధాలను 12 నుంచి 6కి కోసేశాయి కాబట్టి వాళ్లు ఫోల్డ్ చేసే (ముక్కలు పడేసే) అవకాశం పెరుగుతుంది.

#13 · కళావరు రాణి

ఇంకొకటి: చిప్స్ ఎంత లోతు ఉన్నాయి. ఇది లేకుండా చార్టు సగమే. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 50–100 అనుకోండి. ఎదుటివాళ్లు 300కి రేజ్, మీరు ఏకేతో 900, మిగతా అందరూ ఫోల్డ్, ఎదుటివాళ్లు ఆల్-ఇన్.

ఇద్దరి దగ్గరా మొదట 2,000 ఉంటే: పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్) 2,000 + 900 + 150 = 3,050. మీరు ఇంకా వేయాల్సింది 1,100. అంటే 1,100 ÷ 4,150 = 26.5 శాతం గెలిస్తే చాలు. మీకు 39 ఉంది. కళ్లు మూసుకుని కాల్.

ఇద్దరి దగ్గరా మొదట 10,000 ఉంటే: పాట్ 11,050. వేయాల్సింది 9,100. కావాల్సింది 9,100 ÷ 20,150 = 45 శాతం. ఉన్నది 39. ఫోల్డ్. రాణులున్నా 40 కాబట్టి ఫోల్డే.

అవే ముక్కలు, అదే మనిషి, జవాబు తిరగబడింది. ఇంకా బిగుసుకుపోయి ఆసులు, రాజులతో తప్ప తోయని మనిషి అయితే ఏకేకి (3×7 + 3×30) ÷ 6 = 18.5 శాతమే. అప్పుడు 2,000 బల్ల మీద కూడా ఫోల్డ్.

#14 · చార్మినార్ చిప్స్

ఈ భాగహారం కొత్తవాళ్లకు ఎలా చెప్పాలి? బల్ల దగ్గర క్యాలిక్యులేటర్ తీయనివ్వం.

#15 · కళావరు రాణి

"నేను వేయాల్సింది" కింద "అంతా కలిపిన పాట్". కింద సంఖ్యలో మీ కాల్ కూడా కలపాలి, కొత్తవాళ్లు మర్చిపోయేది అదే. సగం పాట్ పందెం వస్తే 25 శాతం కావాలి, పాట్ అంత వస్తే 33, రెండు పాట్లంత వస్తే 40. ఈ మూడూ రాసి పెట్టండి, మధ్యవి అంచనాకు అందుతాయి.

#16 · ఇస్పేటు ఆసు

ఎంతమంది ఆటలో ఉన్నారన్నది మర్చిపోతున్నారు అందరూ. మన బల్లకు ఇదే పెద్ద జబ్బు: అందరూ లింప్ చేసి (రేజ్ లేకుండా బ్లైండ్‌కి సమంగా మాత్రం వేసి) ఐదుగురు ఆరుగురు ఫ్లాప్ చూస్తారు.

ఆసుల జత, ఎదుటివాళ్ల దగ్గర ఏవైనా ముక్కలు: ఒక్కరైతే 85, ఇద్దరైతే 73, ముగ్గురైతే 64, నలుగురైతే 56, ఐదుగురైతే 49, ఎనిమిది మందైతే 35. ఆసులు పెట్టుకుని "లోపలికి రానిద్దాం" అని చప్పుడు చేయకుండా కాల్ చేసేవాళ్లు ఈ వరుస చదవాలి. ఐదుగురిని రానిచ్చాక ఓడిపోవడం దురదృష్టం కాదు, సగానికి సగం జరిగేదే.

పైన 85 కూడా "ఏవైనా" మీద. రాజుల మీద 82, అదే 87 (ఎనిమిది-ఏడు) సూటెడ్ మీద 77. ఆసులకు రాజుల కన్నా ఒకే గుర్తు వరుస ముక్కలే ఎక్కువ చికాకు అని చాలామందికి తెలియదు.

#17 · బాగ్‌లింగంపల్లి బంటీ

సూటెడ్ అంటే గంత పవరా అన్నా? నేనైతే రెండు ఒకటే గుర్తు పడితే చాలు ఆడుత.

#18 · ఇస్పేటు ఆసు

ఆ అలవాటు మానుకో తమ్మీ. ఒకే గుర్తు అయితే కలిసేది రెండు మూడు శాతమే. ఏకే చూడు, 65 కాస్తా 67 అయింది, అంతే. ఫ్లాప్‌లోనే ఫ్లష్ (ఒకే గుర్తు ఐదు ముక్కలు) పూర్తవడం 0.84 శాతం, అంటే 119 ఫ్లాప్‌లకు ఒకటి. ఇంకొక్క ముక్క కావాల్సినట్టు నాలుగు పడటం 11 శాతం. 87 సూటెడ్ బలం గుర్తు ఒక్కదానిదీ కాదు, పక్కపక్క అంకెలది కూడా. కే3 (రాజు-మూడు) సూటెడ్‌కి ఆ రెండోది లేదు.

#19 · లెక్కల మాస్టారు

సరదాకి ఒకటి. ఎవరు పెద్ద అని వరుసలో పేర్చడం కుదరదని చూపించేది. ఏకే ఆఫ్‌సూట్, జాకీ-పది సూటెడ్‌ని సుమారు 59 సార్లు కొడుతుంది. జాకీ-పది సూటెడ్, రెండ్ల జతని 54 సార్లు కొడుతుంది. రెండ్ల జత, ఏకే ఆఫ్‌సూట్‌ని 53 సార్లు కొడుతుంది. గుండ్రంగా తిరిగింది. కాబట్టి చార్టులో "1వ ర్యాంకు, 2వ ర్యాంకు" అని అంకెలు వేయకండి.

#20 · చార్మినార్ చిప్స్

చిన్న జతల సంగతి? మా దగ్గర ఐదుల జతతో రివర్ దాకా లాగేవాళ్లున్నారు.

#21 · కళావరు రాణి

ఫ్లాప్‌లో మూడో ఐదు పడటం 11.76 శాతం, ఎనిమిదిన్నర సార్లకు ఒకటి. రివర్ దాకా అయితే 19, కానీ ఆ 19ని నమ్మి ఆడొద్దు. టర్న్, రివర్ చూడటానికి మధ్యలో ఇంకా రెండుసార్లు చిప్స్ పోయాలి.

300 కాల్ చేస్తే, పడినప్పుడు సగటున 2,250 తిరిగి రావాలి (ఏడున్నర రెట్లు). పడిన ప్రతిసారీ అవతలివాళ్లు మొత్తం ఇచ్చేయరు, ఒక్కోసారి సెట్ (అలా మూడు కలిసిన చేయి) కూడా ఓడుతుంది. అందుకని ఇద్దరి దగ్గరా కాల్‌కి 15 రెట్లు, అంటే 4,500 అయినా ఉండాలి. లేకపోతే ఫోల్డ్. ఫ్లాప్‌లో పడకపోతే, ఎదురు పందెం రాగానే ఫోల్డ్.

#22 · లెక్కల మాస్టారు

మూడు ముక్కలాట నుంచి వచ్చేవాళ్ల కోసం రెండు హెచ్చరికలు అడుగున రాయండి. అక్కడ ఏ-2-3 అంటే రెండో పెద్ద సీక్వెన్స్. ఇక్కడ ఏ-2-3-4-5 అన్నింటికన్నా చిన్న స్ట్రెయిట్. రెండోది, అక్కడ ఆసు ఒక్కటున్నా కాసేపు నిలబడొచ్చు, నూటికి 74 చేతుల్లో జత కూడా ఉండదు కాబట్టి. ఇక్కడ బల్ల మీద ఐదు ముక్కలు పడతాయి, ఆసు-నాలుగు పట్టుకుని ఆసు పడినా ఏకే, ఏక్యూ వాళ్లకే అప్పగించడం.

సందర్భం వచ్చింది కాబట్టి: మూడు ముక్కలాటలో 22,100 చేతులకు ట్రయల్ (మూడూ ఒకే అంకె) 52 విధాలు, ప్యూర్ సీక్వెన్స్ (ఒకే గుర్తులో వరుస మూడు) 48. అరుదైనది ప్యూర్ సీక్వెన్స్, గెలిచేది మాత్రం ట్రయల్. ఎవరు పెట్టారో గానీ ఈ వరుస లెక్క చూసి పెట్టింది కాదు.

#23 · మోడరేటర్

లెక్కల వరకే ఉండండి, బాగుంది. ఎవరూ యాప్ లింకులు పెట్టొద్దు. 2017 సవరణల తర్వాత తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పేక ఆడటం నేరం. 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. 1968లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యపు ఆట అన్నది కదా అని వాదించేవాళ్లకు: అది రమ్మీ గురించి. మూడు ముక్కలాటను ఆ తీర్పే అదృష్టపు ఆటగా చెప్పింది.

#24 · బాగ్‌లింగంపల్లి బంటీ

లాస్ట్ డౌట్. మన బల్ల మీద జతలు మస్తు వస్తున్నయ్. కలుపుడు సరిగ్గ లేదేమో?

#25 · లెక్కల మాస్టారు

లెక్కపెట్టి చూడొచ్చు. వరుసగా 340 చేతులు రాయండి. తొమ్మిది మందీ ఆట అయ్యాక ముక్కలు చూపిస్తే 38 పంపకాలు చాలు. 17కి ఒకటి కాబట్టి 20 జతలు రావాలి. అటూ ఇటూ 4.3 ప్రామాణిక విచలనం, అంటే 11 నుంచి 29 లోపు ఏది వచ్చినా మామూలే. 33, 35 వస్తే అనుమానించండి. ఒకే బల్ల మీది చేతులు ఒకదానికొకటి కొంచెం ముడిపడి ఉంటాయి గానీ ఈ పరీక్షకు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

కారణం మాత్రం ఊహించగలను. రమ్మీ కలిపినట్టు గుప్పెట్లో పట్టుకుని పైనుంచి దబ్బలుగా జారవిడిస్తే పక్కపక్క ముక్కలు అలాగే అతుక్కుని ఉంటాయి. రెండు సగాలు చేసి అంచులు ఒకదానిలోకి ఒకటి వదిలే పద్ధతిలో ఏడుసార్లు కలపాలి. బేయర్, డయాకోనిస్ 1992లో లెక్కకట్టింది ఆ పద్ధతికే. తర్వాత ఒక కోత.

#26 · ఇస్పేటు ఆసు

ఏడుసార్లు కొత్తవాళ్లతో కష్టం మాస్టారూ, ముక్కలు ఒంగిపోతాయి. ముందు బల్ల మీద మొత్తం పరిచి చేతులతో అర నిమిషం గిలకొట్టి, ఆ తర్వాత మూడుసార్లు కలిపి కోయండి. రెండు పేకలు పెట్టుకుంటే ఒకటి ఆడుతుండగా ఇంకొకటి కలపొచ్చు, టైమ్ పోదు. వెనక రంగులు వేరుగా ఉన్నవి తెచ్చుకోండి.

#27 · చార్మినార్ చిప్స్

చార్టు తిరగరాశా. పైన 6, 4, 12. దాని కింద ఆసుల జత ఎంతమంది మీద ఎంత (85 నుంచి 35 దాకా). ఆ తర్వాత రాజులు, రాణులు, జాకీలు, పదులకు రెండు గళ్లు: పెద్ద జత ఎదురయ్యే అవకాశం, ఫ్లాప్‌లో పెద్ద ముక్క పడే అవకాశం. తర్వాత రాణులు, ఏకే పక్కపక్కన: గట్టి గుంపు మీద 40, 39; వదులు గుంపు మీద 55, 49. పాట్ లెక్క 25, 33, 40. చిన్న జతకు 15 రెట్లు. అడుగున ఏ-2-3 హెచ్చరిక.

నా మొదటి పట్టిక తీసేశా. రెండ్ల జతకు 50 అన్న వరుస ఒక్కటీ ఉంచనా?

#28 · కళావరు రాణి

వద్దు. అది ఉంటే బంటీ ఆల్-ఇన్ అంటాడు.